కొక్కేల మధ్య చిన్న బాపమ్మ

కుంకుమ భరిణె ఒడిలో పెట్టుకుని ఆటోలో వెళ్ళే మగవాణ్ణి భివండి ఇంతవరకు చూసి ఉండదు, చూస్తే ఇదిగో ఇలాగే చూస్తుంది అనుకున్నాడు భూషణ్, పక్కన ఆగిన స్కూటర్ మీది ఆవిడ అతని మొహం వంకా, భరిణె వంకా, మళ్ళీ మొహం వంకా చూస్తుంటే. నార్పోలి సందు మొగ ఇంకా దాటనే లేదు. ముందొక నూలు లారీ, వెనకొక నూలు లారీ, మధ్యలో తను, ఒడిలో కుంకుమ. అక్కడ ఇంట్లో రోలు కడిగి బొట్లు పెట్టారు, రోకలికి పసుపు కొమ్ము కట్టారు, ముత్తైదువలంతా చుట్టూ చేరి కొంగులు బిగించి కూర్చున్నారు. చెల్లెలు ఆర్తి పెళ్ళికి పసుపు దంచాలి. మొదటి పోటు వెయ్యాల్సింది చిన్న బాపమ్మ, అంటే తాత తమ్ముడు హనుమాండ్లు భార్య సుశీలాబాయి, ఇంటిల్లిపాదికీ పెద్ద ముత్తైదువ. ఆవిడేమో కనేరి పేటలో తన ఇంట్లో కదలకుండా కూర్చుంది, ఎందుకంటే ఆవిణ్ణి ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు. ఎందుకు పిలవలేదయ్యా అంటే, ఆ ఎందుకు దగ్గరికి వచ్చేసరికి భూషణ్ బుర్ర మొరాయించిన మరమగ్గం సాంచాలాగా ఆగిపోతోంది. పన్నెండు దాటితే వర్జ్యం. పొద్దున ఫోను చేస్తే ఆవిడ ఒకే ఒక్క మాట అంది, "నేను బతికే ఉన్ననా? ఉంటె పిలుద్దురు గద," అని పెట్టేసింది. అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడింది. ఆర్తి మాత్రం ఏడవలేదు, తిట్టలేదు, భరిణె తెచ్చి అతని చేతిలో పెట్టింది. "అన్నా, నువ్వు జేసినవ్, నువ్వే పో. చిన్న బాపమ్మ చెయ్యి వడంది నేను పసుపు వెట్టుకోను. పెండ్లి లేదు, ఏం లేదు. మాఝం డోకం ఖరాబ్ కరూ నకో, పో." చిన్నప్పటి నుంచీ అంతే, నిజంగా కోపం వచ్చిందంటే దానికి మరాఠీ వస్తుంది. ఇవ్వాళ వచ్చింది, నా తల తినకు అని.

అసలు తను చేసిందేమిటి? మంచి పని. పిల్లి మీద ఒట్టు, మంచి పనే చెయ్యబోయాడు. పెళ్ళి పిలుపులకు ఆడవాళ్ళు సందు సందూ తిరిగి, నోటి లెక్కన గుర్తుపెట్టుకుని, ఫలానా వాళ్ళింటికి పోయామా లేదా అని దారి మధ్యలో నిలబడి కొట్లాడుకోవడం చిన్నప్పటి నుంచీ చూశాడు. ఇంజనీరు చదివి, థానే దగ్గర ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటరుతో కుస్తీ పట్టే కొడుకు ఇంట్లో ఉండి కూడా ఆ గొడవేనా అనిపించింది. మన బంధువులందరినీ ఒక ఫైల్లో ఎక్కిస్తే, ఏ సందులో ఎవరున్నారో, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి బొట్టు పెట్టాలో అన్నీ అదే చెప్తుంది, ఆడవాళ్ళ ఫోన్లలో వరసగా ఇళ్ళు కనిపిస్తాయి, అంతే. అంతే అనుకున్న పని అంతటితో ఎందుకు ఆగలేదో ఇప్పుడు నూలు లారీ వెనక పొగ పీలుస్తూ ఆలోచిస్తే అర్థం కావడం లేదు. పేర్లు, ఇళ్ళు, సందులు. మూడు ముక్కలు. కాని తను వాటికి కొక్కేలు తొడిగాడు. పేరు మొదలైంది అని ఒక కొక్కెం, అప్పుడు పేరు, పేరు అయిపోయింది అని ఇంకో కొక్కెం. ఆ పేరులోపల ఇంటిపేరు మొదలైంది, ఇంటిపేరు అయిపోయింది, సొంత పేరు మొదలైంది, అయిపోయింది, ముద్దు పేరు, రేషన్ కార్డు పేరు, ఊళ్ళో ఉండగా పేరు, భివండికి వచ్చాక పేరు, ఎందుకంటే ఊళ్ళో సుశీల ఇక్కడికి వచ్చి సుశీలాబాయి అయింది కదా, రేపెవరైనా అడిగితే? ఎవరూ అడగరు. అయినా పెట్టాడు. అమ్మ వైపు వాళ్ళూ నాయన వైపు వాళ్ళూ కలిసిపోకుండా ప్రతి కొక్కేనికీ ముందొక ఇంటి ముద్ర కూడా తగిలించాడు. అది చూసి అమ్మ, "ఇదేందిర, నా పేరుకు ఇంత తోక ఉన్నదా?" అంది. ఆ తర్వాత కొక్కేలు సరిగా ఉన్నాయో లేదో చూసేందుకు వేరే ఒక నిబంధనల ఫైలు రాశాడు, దాన్నీ కొక్కేలతోనే రాశాడు. ఇంట్లో పెళ్ళి పిలుపుల ఫైలు బరువు ఆర్తి నిశ్చితార్థం వీడియోను మించిపోయింది. వీడియోలో కనీసం మనుషులు కనిపిస్తారు.

స్టీవెన్ చెప్పాడు. చెప్పలేదని ఎలా అంటాడు. ఆఫీసులో పక్క కుర్చీ, కనేరి వాడే, వీళ్ళ తాతలూ వాళ్ళ తాతలూ ఒకే బస్సులో దిగిన వాళ్ళు, మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు ఆ ఫైలు చూసి తినడం ఆపేశాడు. "అరె యార్, పేరు అయిపోయిందని మళ్ళ చెప్పాల్నా? అయిపోతె అయిపోయినట్టు కనవడదా? కామా వెట్టు. కామాకేం తక్కువైంది? మా తాత మోషే ఏడు తరాలు ఒక్క ఊపిరిల చెప్తడు, ఆయన కొడుకు గీయన, గీయన కొడుకు గాయన అని. కొడుకు అనేటి మాట తప్ప ఇంకోటి వాడడు. ఒక్కరు గూడ తప్పిపోలే ఇప్పటి దాంక." భూషణ్‌కు ఒళ్ళు మండింది. కామాలతో కాపురాలు నడుస్తాయా, ఒక పద్ధతీ పాడూ వద్దా, రేపు సూరత్‌లో, షోలాపూర్‌లో ఉన్న మనవాళ్ళందరూ కూడా ఇదే వాడుకోవాలంటే ఎట్లా అన్నాడు. స్టీవెన్ చారు కలుపుకుంటూ తల కూడా ఎత్తలేదు. "సూరత్ తర్వాత. ముందుగాల నార్పోలి నుంచి కనేరికి పోనియ్యి." ఆ మాట ఇవ్వాళ నిజంగానే ఆటోలో కూర్చుని వెక్కిరిస్తోంది. పెద్దల మాట చద్దిమూట అంటారు గాని పక్క కుర్చీవాడి మాట కూడా అప్పుడప్పుడు మూట కట్టుకోవాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టు ఉన్నాడా, తన కాలి మీదే వేసుకున్నాడు.

ఆటో కదిలింది, నాలుగు బారలు పోయి మళ్ళీ ఆగింది. రోడ్డు తవ్వారు. తవ్వకం మొదలు అని బోర్డు పెట్టారు, అయిపోయింది అనే బోర్డు ఎక్కడా లేదు. చూశారా, ఇక్కడ మూసే కొక్కెం లేకపోతే లారీలు గుంటలో పడతాయి, అని మనసులో స్టీవెన్‌తో ఒక్క క్షణం గెలిచాడు. గెలిచి ఏం లాభం. డ్రైవరు అద్దంలోంచి చాలాసేపటి నుంచి చూస్తున్నాడు, ఇక ఉండబట్టలేక అడిగేశాడు, "భాయ్, యే కామ్ తో లేడీస్ కా హోతా హై నా?" అవును, ఆడవాళ్ళ పనే. ఆడవాళ్ళు పోలేదు, తను పోవాల్సి వచ్చింది. అమ్మ కదలడానికి లేదు, ఇంటినిండా చుట్టాలు. రాజమణి అత్తను, అంటే నాయన చెల్లెల్ని, పొమ్మంటే, "నేనేం మొఖం వెట్టుకొని పోవాలెరా" అని వంటింట్లో దూరింది. కనేరి పిలుపులకు వెళ్ళింది ఆమే మరి. ఫోను చేతిలో పట్టుకుని, అది చూపించిన ఇల్లల్లా ఎక్కింది. చిన్న బాపమ్మ ఇంటికి ఇటువైపు ఇంట్లో బొట్టు పెట్టింది, అటువైపు ఇంట్లో బొట్టు పెట్టింది, మధ్యలో ఇల్లు ఫోన్లో లేదు. లేకపోతే ఏమనుకోవాలి? సొంత మనిషి కదా, ఒదినె స్వయంగా వచ్చి పిలుస్తుందేమో, అందుకే భూషణ్ వేరే పెట్టాడేమో అనుకుంది. అమ్మేమో కనేరి అంతా రాజమణి చూసుకుంటుందనుకుంది. చిన్న బాపమ్మ గడపలో నిలబడే ఉందట. కుర్చీ వేసిందట, స్టవ్ మీద చాయ్ పెట్టిందట. రాజమణి అత్త నవ్వుతూ, "చిన్నమ్మా, నీకు వేరే పిలుపొస్తది," అని చెప్పి పక్కింటి మెట్లెక్కింది. ఆ చాయ్ ఎవరు తాగారో. తిట్టినా బాగుండేది. చాయ్ పెట్టడం దగ్గరే ప్రాణం పోతోంది.

సరే, ఆ ఇల్లు ఫోన్లో ఎందుకు లేదు? ఇక తప్పించుకునే దారి లేదు, ముందూ వెనకా లారీలే, ఆలోచించాల్సిందే. ఆ కొక్కేల పద్ధతిలో ఒకదాని లోపల ఒకటే ఉండాలి. తండ్రి లోపల కొడుకు, కొడుకు లోపల భార్య, డబ్బాలో డబ్బా పెట్టినట్టు. ఒక డబ్బా ఏకకాలంలో రెండు డబ్బాల్లో ఉండకూడదు. ఊళ్ళన్నిట్లో ఉండకపోవచ్చు గాని మనింట్లో ఉంటుంది కదా! భూషణ్ సొంత తాత అంకుశం, హనుమాండ్లు తాత అన్నదమ్ములు. వాళ్ళకు అక్క పోచమ్మ. ఆ పోచమ్మ కూతురే సుశీల. సుశీలను సొంత చిన్న మేనమామ హనుమాండ్లుకే ఇచ్చి చేశారు. మనవాళ్ళలో వింతేమీ కాదు, బిడ్డ పరాయి ఇంటికి పోకుండా ఉంటుందని సంతోషంగా చేసుకున్నదే. అయితే చూడండి చోద్యం, పోచమ్మ ఆమెకు కన్నతల్లి, మొగుడికి అక్క కనుక ఆడబిడ్డ కూడా. అంకుశం తాత మేనమామ, బావ కూడా. అప్పగింతలప్పుడు ఎవరు ఎవరికి అప్పగించాలో తెలియక అందరూ ఒకే పక్కన నిలబడ్డారట, పోచమ్మ ఏడవబోయి, నా పుట్టింటికే కదా పంపుతున్నా అని గుర్తొచ్చి నవ్వేసిందట. మనుషులకు అది నవ్వొచ్చే సంగతి. కొక్కేలకు కాదు. పోచమ్మ డబ్బాలో కూతురుగా సుశీలను పెట్టాడు, ఒప్పుకుంది. హనుమాండ్లు డబ్బాలో భార్యగా సుశీలను పెట్టాడు, చెల్లదు అంది. ఈ మనిషి ఇంతకుముందే ఉంది అంది. ఉంది మరి, ఎక్కడికి పోతుంది? పోనీ ఒక చోట మనిషిని పెట్టి రెండో చోట అక్కడ చూడు అని వేలు చూపిస్తే, అది సుశీల ఎవరు అని పోచమ్మ దగ్గరికి పోయి, పోచమ్మ ఎవరు అని హనుమాండ్లు దగ్గరికి పోయి, హనుమాండ్లు భార్య ఎవరు అని మళ్ళీ సుశీల దగ్గరికి వచ్చి, గానుగెద్దులా తిరిగి తిరిగి ల్యాప్‌టాప్ పొయ్యిలా కాలింది. తప్పెవరిదంటే మేనరికానిది అనుకున్నాడు తను. సిగ్గులేకపోతే సరి! తరతరాల నుంచి నడుస్తున్న కాపురం తప్పట, నిన్నగాక మొన్న రాసిన కొక్కెం ఒప్పట. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఎవడో.

అప్పుడు చేసిన పని. ఈ ముక్కను చదవకు అని చెప్పే గుర్తు ఒకటుంటుంది, దాని మధ్య ఏం రాసినా కళ్ళకు కనిపిస్తుంది గాని యంత్రానికి కనిపించదు. చిన్న బాపమ్మ ముక్కను రెండు చోట్లా ఆ గుర్తు చాటున పెట్టాడు. తర్వాత సరిచేద్దాం అనుకున్నాడు. చెల్లుతుంది అని పచ్చ గీత వచ్చింది. ఆ పచ్చ గీత చూసి ఎంత మురిసిపోయాడో, ఆర్తిని పిలిచి చూపించాడు కూడా. తర్వాత పెళ్ళి పనులు, సేఠ్ దగ్గర బట్ట, హాలు, మండపం, మరిచిపోయాడు. ఇందాక పసుపు కొమ్ముల మధ్య ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే హనుమాండ్లు అని ఉంది, దాని కింద యంత్రం లెక్కలో భార్య డబ్బా ఖాళీ. భార్య లేని ఇంటికి పసుపు పిలుపు ఉండదు కదా, ఆ నిబంధన రాసింది ఎవరు? భూషణే, ఎంతో బుద్ధిగా, అమ్మను అడిగి మరీ. నిక్షేపంలా ఉన్న ముత్తైదువను ఒక్క మీట నొక్కి చంపేశాడు. చెవులు వినపడకపోయినా పెళ్ళాం తిట్లు మాత్రం వినపడే తాతను ఒంటివాణ్ణి చేసేశాడు. ఎవరిని? అమ్మ సాంచాల కార్ఖానాలో కండెలు చుట్టడానికి పోతే, బడి వదిలాక కనేరికి పరుగెత్తితే, సర్వపిండి చేసి గిన్నెకు అడుగున మాడిన ముక్కే భూషణ్‌కు ఇష్టమని, అది ఎవరికీ పెట్టకుండా దాచిన మనిషిని. ఇప్పటికీ భూషణ్ గొంతు ఫోన్లో కాస్త బొంగురు పోతే, మిరియాల చాయ్ తాగమని రెండుసార్లు చెప్పే మనిషిని. నువ్వు లేవు, చెల్లవు అన్నాడు. ఛీ అనుకున్నాడు పైకే. డ్రైవరు బ్రేకు వేశాడు. "క్యా హువా?" ఏమీ కాలేదన్నాడు భూషణ్, నడవమన్నాడు, కనేరి మలుపు వచ్చింది. ఏమని చెప్పాలి? బాపమ్మా, మిషిన్ తప్పు అనాలా? అబద్ధం. మరిచిపోయినం అనాలా? అది ఇంకా ఘోరం. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఏం లాభం అనుకుంటూ దిగాడు. కుంకుమ కొంచెం ప్యాంటు మీద ఒలికింది. దులపబోతే ఇంకా పాకింది.

హనుమాండ్లు తాత వాకిట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సందంతా సాంచాల చప్పుడు, ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే, తాతకు మాత్రం తేడా ఏమీ లేదు. భూషణ్‌ను చూసి, భరిణె చూసి, లోపలికి వేలు చూపించి, జాగ్రత్త అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. తలుపు తెరిచే ఉంది. చిన్న బాపమ్మ చాప మీద కూర్చుని చేతిలో ఏ పనీ లేకుండా ఉంది. ఏ పనీ లేకుండా ఆవిడ కూర్చోవడం భూషణ్ ఎప్పుడూ చూడలేదు, అందుకే భయమేసింది.

"ఎవరది?"

"నేనే బాపమ్మా, భూషణ్‌ను."

"భూషణ్‌వైతె లోపటికి రా. పిలువ వచ్చినోనివైతె గడప అవుతల నిలవడు."

నిలబడ్డాడు. పక్కింటావిడ తువ్వాలు ఆరేసే మిషతో బయటికొచ్చింది, ఎదురింటావిడ ఏ మిషా లేకుండానే వచ్చింది. భూషణ్ గొంతు పెంచాడు, ఆ చప్పుడులో గుసగుసలకు వీల్లేదు, సందంతా వినేలా చెప్పుకోవాల్సిందే. "తప్పు నాదే బాపమ్మా. నువ్వు రెండు దిక్కుల ఉన్నవ్. పోచమ్మ బిడ్డెగ ఒక దిక్కు, తాత భార్యగ ఒక దిక్కు. నేను రాసినదాంట్ల ఒక మనిషి ఒక్క దిక్కే ఉండాలె. రెండు దిక్కుల ఎట్ల పెట్టాల్నో తెల్వక నిన్ను పక్కకు వెట్టిన. మళ్ళ చూస్త అనుకున్న. మర్చిపోయిన."

ఆవిడ తలెత్తి చూసింది. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది ఆ చూపులో. "రెండు దిక్కుల ఉన్నదాన్ని రెండుసార్లు పిలుస్తరు గని, ఒక్కపారి గూడ పిలువరా? ఇంత సదివినవ్, ఇదేం లెక్కరా?"

ఆఫీసులో తను గొప్పవాళ్ళనుకునే వాళ్ళందరినీ ఈ గడపలో వరసగా నిలబెట్టినా ఈ లెక్క తేలదు.

"సరే, పిలువు," అందావిడ లేచి గడప దగ్గరికి వచ్చి. "ఇది అత్తగారింటి పిలుపు. నా మొగని అన్న ఇంట్ల పెండ్లి."

"చిన్న బాపమ్మా, ఆర్తికి పసుపు దంచుతున్నం, నువ్వచ్చి చెయ్యి వెయ్యాలె," అన్నాడు, బొట్టు పెట్టాడు, కొంచెం వంకర పోయింది. ఆవిడ పెట్టించుకుని, "ఇగ పో. బయిటికి పోయి మళ్ళ రా. ఇప్పుడు మేనమామ ఇంటి పిలుపు కావాలె," అంది.

"అదీ మా ఇల్లే గద బాపమ్మా!"

"మీ ఇల్లే. అయితేంది? కాళ్ళు నొస్తున్నయా?"

పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూషణ్ మెట్లు దిగాడు, తాతను దాటాడు, సందులోకి పోయాడు, ఆటో దాకా పోయి డ్రైవరు అయోమయంగా ఇంజను స్టార్టు చేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, వెనక్కి తిరిగాడు. మళ్ళీ తాతను దాటి, మళ్ళీ మెట్లెక్కి, గడప అవతల నిలబడ్డాడు. ఆవిడ అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు ముఖం పెట్టుకుని నిలబడి ఉంది. పోచమ్మ బిడ్డ అంటే నాయనకు మేనత్త కూతురు, వదిన. నాయనకు వదినంటే తనకు? ఇన్నేళ్ళుగా ఆ వరసతో ఒక్కసారైనా పిలిచాడా? పిలవాల్సిన అవసరమే రాలేదు. ఎన్ని కొక్కేలు రాశాడు, ఆ ఒక్క మాట రాయలేదు.

"పెద్దమ్మా," అన్నాడు. "అంకుశం తాత మనుమరాలి పెండ్లి. నీ మేనమామ ఇంటికి రావాలె."

చిన్న బాపమ్మ నవ్వబోయింది. నవ్వలేకపోయింది. కళ్ళు నిండాయి, కొంగుతో తుడుచుకోలేదు కూడా, అలాగే ఉండనిచ్చింది. "అంకుశం మామ పోయినంక ఈ పిలుపు రాలేదురా నాకు," అంది. "అందరికి హనుమాండ్లు భార్యనే. పోచమ్మ బిడ్డెనన్న సంగతి అందరు మర్చిపోయిండ్రు. ఆయనుంటె ముందుగాల ఇదే పిలుస్తుండె." భూషణ్ వేలు కుంకుమలో ముంచి మొదటి బొట్టు మీదే అద్దబోయాడు. ఆవిడ తల వెనక్కి తీసుకుంది. "దాని మీద కాదు. పక్కన వెట్టు."

పక్కనే పెట్టాడు. నుదుటి మీద రెండు బొట్లతో ఆవిడ లోపలికి పోయి సంచీ పట్టుకుని అరనిమిషంలో వచ్చింది. సంచీ ఎప్పుడు సర్దిందో మరి. చీర కూడా కొత్తదే, అప్పుడు చూశాడు. ఇల్లు చూసుకొమ్మని తాతకు చేత్తో సైగ చేసింది, చెవిలో అరిచింది, తలుపు దగ్గరగా వేసింది, తువ్వాలు ఆరేసే ఆవిడతో సాంచాల చప్పుడుకు మించిన గొంతుతో, "మా భూషణ్, స్వయంగ వచ్చి పిలిచిండు, రెండు పిలుపులు!" అని చెప్పింది, ఎదురింటావిడకు మళ్ళీ చెప్పింది, ఆటో ఎక్కింది. భూషణ్ జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఆర్తి. ఎత్తగానే వెనక ముత్తైదువల మాటలు, ఎవరో టైము చెప్తున్నారు, ఎవరో కసురుతున్నారు.

"అన్నా, వస్తుందా లేదా? చెప్పు జల్దీ!"

భూషణ్ పక్కకు చూశాడు. ఆవిడ ఆటో అద్దంలో నుదుటి మీది రెండు బొట్లూ చూసుకుంటోంది.

"ఇద్దరొస్తున్నరు," అన్నాడు. "రోలు కాడ ఇంకో పీట వెయ్యుమను."